పక్క వరుస

ఇచన్‌లో ఆవం రెండు రకాలు.
ఒకదాంట్లో కాలేది మట్టి.
రెండోదాంట్లో జ్ఞాపకం.
నాది రెండోది:
నూట ఇరవై అయిదు డిగ్రీల పెట్టె ముందు
రాత్రి షిఫ్టు.
బిళ్ల మీద పేరు ప్యో సనోక్.
ఇరవై మూడేళ్లుగా ఒకటే పని,
చిప్పు మరిచిపోయేదాకా
అడిగిందే అడగడం.

జ్ఞాపకమంటే ఏమిటో నాకు కొలతలతో తెలుసు.
అదొక చిల్లు దొన్నె.
పోసింది పోసినట్టే కారిపోతుంది.
అరవై నాలుగు మిల్లీసెకన్లకోసారి
వచ్చి, ఎంత మిగిలిందో చూసి
మళ్లీ నింపి పోవాలి.
ఆలస్యమైతే ఒకటి కాస్తా సున్నా.
మీ ఫోనులో మీరు చూస్తున్న పసిపాప
సెకనుకు పదిహేనుసార్లు
చావబోయి బతుకుతోంది.

ఇది లోపం కాదు, తయారీయే ఇంత.
లోపం వేరే ఉంది.

వరుసలు వరుసలుగా ఇళ్లు.
ఏటేటా ఇళ్లు చిన్నవి, గోడలు పలచన.
నేను ఏడో వరుస తలుపు తెరిచి మూస్తాను,
తెరిచి మూస్తాను,
రెప్పపాటులో యాభైవేలసార్లు.
ఎనిమిదిని తాకను.
చదవను, రాయను, పేరెత్తను.
ఎనిమిదిలోనే ఎక్కడో
ఒక బిట్టు తిరగబడుతుంది.

చప్పుడుండదు. పొగ రాదు.
ఆ తిరగబడ్డ ఒక్కటీ
ఏ గది ఎవరిదో రాసుకున్న చిట్టాలోదైతే
అద్దెకొచ్చినవాడి చేతికి
భవనం తాళాలగుత్తి.
గోడలకు చెవులుంటాయంటారు.
నరాలు కూడా ఉంటాయి.

మా ఫ్లాటు పద్నాలుగో అంతస్తు.
సరిగ్గా నేను పడుకునే పొద్దున పదింటికి
పైనుంచి
ధన్.
ధన్.
ఫిర్యాదు రాసిచ్చాను. ఆఫీసువాళ్లు
భవనమంతా వినేలా స్పీకర్లో చదివారు.
అందరూ విన్నారు.
ధన్.

మూడు వారాలకి
లాట్ నంబరులో ఆరు రాయబోయి తొమ్మిది రాశాను.
పోయిన తమ్ముడు పుట్టింది మే నెలన్నాను,
వాడు మార్చిలో పుట్టాడు.
అప్పుడు భయమేసింది.
ఇంటి చెప్పులతోనే మెట్లెక్కాను,
తిట్లు వరసగా పేర్చుకుంటూ.

తలుపు తీసినవాడికి మోచేతులదాకా మట్టి.
తాక్ హ్యంజో, కుమ్మరి.
అద్దె పెరిగి కొట్టు పోయింది,
వంటగదిలో పలక మీద మట్టి పిసుకుతున్నాడు.
"గాలి బుడగ మిగిలితే
ఆవంలో కుండ పేలుతుందండీ.
పేలింది తానొక్కతే పోదు,
పక్కనున్నవాటిని పట్టుకుపోతుంది.
అందుకే ఇంత బాదడం."

పేర్చుకున్న తిట్లన్నీ
కారిపోయాయి.
పక్కవాటికోసం బాదేవాడు పైన,
పక్కది పడేదాకా బాదేదాన్ని కింద.
మీరు పడుకునేదెప్పుడని అడిగాడు.
చెప్పాను.
నువ్వేం చేస్తావని అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని కాదేమో.

ఆ రాత్రి కొత్త తరం చిప్పు
తొమ్మిదివేల దెబ్బలకే తిరగబడింది.
"దెబ్బలు లెక్కపెట్టించు," అన్నాడు పైఅధికారి,
"ఒక వరుసకి ఎక్కువ పడితే
పక్క వరుసల్ని ముందే పలకరించి రమ్మను. చాలు."
మా దగ్గరున్న మందు అదొక్కటే.
లెక్కపెట్టేవాణ్ణి ఏమార్చొచ్చని
ఇద్దరికీ తెలుసు.
చాలదని రాశాను. సంతకం పెట్టాను.
ఆ కాగితం ఏ సొరుగులో ఉందో తెలీదు.

పొద్దున పది.
పైన చడీచప్పుడు లేదు.
నిశ్శబ్దాన్ని లెక్కపెడుతూ పెడుతూ
ఎప్పుడో కన్నంటుకుంది.

తలుపు మీద చిన్న తట్టు.
హ్యంజో. చేతిలో పెదవి వంకరపోయిన కప్పు,
అమ్ముడుపోనిది.
"ఇవాళ నిద్ర పట్టిందా," అని అడగడానికి
నిద్ర లేపాడు.

పట్టిందన్నాను.
కప్పు అందుకుని తిప్పి చూస్తుంటే
అడగకుండానే గుర్తొచ్చింది,
మార్చి. పదకొండో తేదీ.